ప్రతిరోజూ జనవరి ఒకటే

పోయిన వారం కొలతలమ్మను చచ్చిన కంప్యూటర్ ముందు, చేతిలో ఒక డిస్కుతో, స్టూలు మీద వదిలేసి మనం ఎవరి దారిన వాళ్లం పోయాం. మనకు వారం తిరిగింది. ఆమెకు మాత్రం ఇంకా ఆ సోమవారమే, ఆ స్టూలే. ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పాతవాళ్లు ఈలోగా మంచినీళ్లు తాగి రండి.

అది కృత్రిమ కాళ్లు చేసే వర్క్‌షాపు. మామగారు మొదలుపెట్టారు, ఇప్పుడు బావగారు, అంటే ఆమె భర్తకు అన్నగారు, నడుపుతున్నారు. కాలు పోయినవాళ్లకు మిగిలిన ముక్క చుట్టూ కొలతలు తీసి కంప్యూటర్లో ఎక్కించడం చిన్నకోడలి పని. ఆ అంకెలు చూసి అచ్చు అరగదీసి, దాని మీద తొడుగు పోయడం బావగారి పని. పదకొండేళ్లుగా ఎవరి కాలికైనా టేపు చుట్టేది తనే కాబట్టి అందరికీ ఆమె కొలతలమ్మ. ఇన్నేళ్లలో ఆమె కొలత తప్పిందన్న మాట లేదు. అలాంటిది పోయిన నెల ఒక కండక్టరమ్మకు చేసిన తొడుగు బిగుతై, లోపల పుండు పడి, పాపం ఆ మనిషి హాస్పిటల్లో చేరింది. తీసి చూస్తే, బావగారి చేతికి వెళ్లిన ప్రింటు కాగితం మీద అంకెలన్నీ దాదాపు ఒక సెంటీమీటరు తక్కువ. "నేను ఎక్కించినవి ఇవి కావు" అంటుంది కొలతలమ్మ. రుజువేది? ప్లాస్టర్ అచ్చును పని కాగానే పగలగొట్టేస్తారు. మిగిలింది కంప్యూటర్లో ఉన్న ఫైలు. సరిగ్గా శనివారం నాడు ఆ కంప్యూటర్ కన్ను మూసింది. గోరుచుట్టు మీద రోకటి పోటు.

హాస్పిటల్ కమిటీ నాలుగింటికి కూర్చుంటుంది. ఫైలు చూపిస్తే సరి. లేకపోతే ఇక జన్మలో ఎవరి కాలికీ ఆమె టేపు చుట్టడానికి వీల్లేదు. రిపేరు షాపువాడు మూడు రోజులు కావాలన్నాడు. ఆమె చేతిలో ఉన్నది మూడున్నర గంటలు.

"ఏమే, ఉన్నావా? డిస్కు లోపల పెట్టావా?" ఫోను బల్ల మీద నుంచి అరిచింది.

అరిచింది ఫోను కాదు, పిన్ని. టైపు పిన్ని అంటారు ఆమెను. టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ పెట్టి, టైపు మిషన్లు మూలన పడ్డాక కంప్యూటర్లు పెట్టి, యాభై ఆరో ఏట లైనక్స్ అనే ఇంకోరకం సిస్టమ్ నేర్చుకున్న మనిషి. ఈ లైనక్స్ డిస్కు పంపింది ఆమే. కంప్యూటర్లో ఉన్న సిస్టమ్ పాడైపోయినా, ఈ డిస్కుతో లేపితే లోపలున్న ఫైళ్లు చూడొచ్చని ఆమె మాట. పిన్ని అరిస్తే ఫోను అక్కర్లేదు, వాళ్ల ఊరి నుంచి నేరుగానే వినపడుతుంది.

"పెట్టాను పిన్నీ."

"సెట్టింగులుండే ఆ నీలం తెరలోకి వెళ్లావా? లేచేటప్పుడు ముందు దేంట్లో వెతకాలని రాసుంది?"

"ముందు హార్డ్ డిస్కు. తర్వాత సీడీ డ్రైవు."

"అదిగో, అదే మార్చు. సీడీని పైకి తీసుకురా. సేవ్ చెయ్యి. అవునని చెప్పు. అంతే, దానంతట అదే లేస్తుంది."

చేసింది. తెర నల్లబడింది. మిషను ఆగి, మళ్లీ తనంతట తనే బుర్రుమంది. కొలతలమ్మ అలవాటు ప్రకారం ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి, మళ్లీ పెట్టి బటన్ నొక్కింది. రోజూ పొద్దున్నే కనిపించే ఇంగ్లీషు వాక్యమేదో తెర మీదికి వచ్చింది. రోజూ లాగే ఎఫ్ వన్ నొక్కింది. వాక్యం పోయింది. తర్వాత నల్లటి తెర, మధ్యలో ఒక తెల్లటి లైను. సిస్టమ్ దొరకలేదట.

"మళ్లీ అదే పిన్నీ."

"అదెలా కుదురుతుందే? మళ్లీ చెయ్యి."

మళ్లీ చేసింది. మళ్లీ నీలం తెరలోకి వెళ్తే హార్డ్ డిస్కే పైన కూర్చుని ఉంది, తను కిందికి దించిన సంగతే తెలియనట్టు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న ఆ అక్షరాలను చూస్తే ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంట వెనకే భయం వేసింది. తను సరిగ్గానే మార్చిందా? ఇంతకుముందు కూడా సరిగ్గానే మార్చాననుకుంది కదా. కొలతలు కూడా ఇలాగే, సరిగ్గా ఎక్కించాననుకుని...

ఆ ఆలోచనను అక్కడే తుంచేసింది. మూడో చుట్టు ముప్ఫై ఒకటి పాయింట్ రెండు. కండక్టరమ్మ కాలి మూడో చుట్టుకొలత, ఆమెకు బాగా గుర్తు. అంకె చెప్పగానే కండక్టరమ్మ పకపకా నవ్వింది. "మా బస్సు నంబరు మూడొందల పన్నెండేనమ్మా. చూశారా, కాలు పోయినా డ్యూటీ వదల్లేదు" అంది. ఆ నవ్వు అబద్ధమా? కాగితం మీద మాత్రం ముప్ఫై పాయింట్ మూడు.

"డిస్కు మీద గీత పడిందేమో చూడు" అంది పిన్ని. చూసింది. లేదు. మెత్తటి గుడ్డతో తుడిచింది. పిన్ని ముందుజాగ్రత్తగా పంపిన రెండో డిస్కు పెట్టింది. సీడీ డ్రైవు వైరు ఊడిందేమోనని మూత విప్పి, నొక్కి చూసింది. ఒంటిగంటన్నర అయింది. ఎన్నిసార్లు చేసినా పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు ఆ తెల్లటి లైను వెంటే వస్తోంది.

తలుపు తోసుకుని బావగారు వచ్చారు. చేతుల నిండా ప్లాస్టర్ పొడి. మాట పొదుపు, ముఖం బిగువు.

"ఇంకా అదేనా అమ్మా?"

"ఇంకో గంట ఇవ్వండి బావగారూ."

"గంటలు ఇవ్వడానికి నాదేముంది, కమిటీని అడగాలి." స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకు. తప్పు జరిగిందని ఒప్పేసుకో. పని ఒత్తిడిలో చూసుకోలేదని రాసిద్దాం. ఆరు నెలలు పక్కన కూర్చోమంటారు, అంతే. మొండికేస్తే వర్క్‌షాపుకే తాళం పడుతుంది. ఇక్కడ పధ్నాలుగు మంది పని చేస్తున్నారు."

"చెయ్యని తప్పు ఒప్పుకోమంటారా?"

"చెయ్యలేదని నీకెలా తెలుసు? బస్సు నంబరు చెబుతావా కమిటీకి?"

మూడు వారాలుగా మింగుతున్న మాట, ఇక మింగలేక బయటికి వచ్చేసింది. "నేను ఎక్కించాక ఎవరో మార్చారు బావగారూ."

బావగారు చేతుల మీది పొడి దులుపుకున్నారు. "ఈ కంప్యూటర్ ముట్టుకునేది ఇద్దరం. నువ్వు మార్చలేదంటే మిగిలింది నేను. అదేనా నువ్వు అనేది?"

అవును, అదే. అనలేదు గానీ, కాదని కూడా అనలేదు. తలుపు పక్కన ఎవరైనా ఉంటే ఆ మాటలు వినే ఉంటారు.

నిజంగానే తలుపు పక్కన మనిషి ఉన్నాడు. మామగారు. మెడలో ఎప్పుడూ వేలాడే పాత గుడ్డ టేపు, వర్క్‌షాపు పెట్టిన నాటిది, లాగి లాగి సాగిపోయి, అంచులు పీచులు పీచులుగా లేచిపోయింది. చేతిలో కోడలి కోసం టీ గ్లాసు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. అందుకని గ్లాసును మూడు వేళ్లతోనే, కానీ తొణక్కుండా పట్టుకుంటారు.

"మా అమ్మాయి కొలత తప్పదురా" అన్నారు కొడుకుతో, గ్లాసు బల్ల మీద పెడుతూ. "నేర్పింది నేను."

ఆ ఒక్క మాటకు కొలతలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టింట్లో తండ్రి లేని పిల్ల. ఈ ఇంట్లో అడుగుపెట్టాక మనిషి ఒంటిని భయపడకుండా ముట్టుకోవడం, నొప్పి పుట్టకుండా కొలవడం నేర్పిన చెయ్యి అది. లోకమంతా ఒకవైపు నిలబడినా ఈయన మాత్రం ఇటువైపే ఉంటారు.

మామగారు మాత్రం అప్పటికే గోడ గడియారం దగ్గరికి వెళ్లిపోయారు. "రెండు నిమిషాలు వెనకబడింది దరిద్రపుది" అంటూ ముల్లు సరిచేశారు. అది ఆయన జబ్బు. తప్పు టైము చూపించే గడియారం ఆ ఇంట్లో బతకదు. కాలు కొలిపించుకోవడానికి వచ్చినవాళ్ల చేతి గడియారాలు కూడా పట్టుకుని సరిచేసి పంపుతారు. బావగారి పెళ్లినాడు ముహూర్తం కంటే ముందు పురోహితుడి గడియారం సరిచేశారని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

"నేను పోయిన తర్వాత కొట్లాడుకుందురు గానీ, ముందు నా మాట వినండి" ఫోను మళ్లీ అరిచింది. పిన్ని ఇంతసేపూ లైన్లోనే ఉంది. "ఇంకొక్కసారి చెయ్యవే. ఈసారి ఏం చేస్తున్నావో నాకు చెబుతూ చెయ్యి. ఒక్క ముక్క వదలకు."

"సీడీని పైకి తెచ్చాను. సేవ్ చేశాను. అవునన్నాను. మిషను ఆగింది. మళ్లీ తిరుగుతోంది."

టక్.

"ఆగు! ఏమిటా చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"ఇప్పుడు టక్కుమంది చూడు."

"ఓ, అదా. ప్లగ్గు పీకాను."

ఫోనులో పిన్ని నోట మాట లేదు. ఆమె నోట మాట లేకపోవడం ఆ యాభై ఎనిమిదేళ్లలో ఎవరూ ఎరగరు.

"ప్లగ్గు ఎందుకు పీకావే?"

ఎందుకేమిటి? కొలతలమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. ఊపిరి ఎందుకు పీల్చావంటే ఏం చెబుతాం? ముప్ఫై ఏళ్ల కిందట కరెంటు పోయి వచ్చినప్పుడు అరగదీసే మిషను తనంతట తనే తిరిగి మామగారి రెండు వేళ్లు తీసుకుంది. ఆ రోజు నుంచి ఈ వర్క్‌షాపులో ఒకటే చట్టం. తనంతట తాను తిరిగిన యంత్రాన్ని నమ్మకు. ముందు ప్లగ్గు పీకు, పది లెక్కపెట్టు, తర్వాత మాట్లాడు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు మొదటి వారమంతా ఇదే పాఠం. సాయంత్రం ఇంటికి పోయేముందు ప్రతి ప్లగ్గూ పీకి మేకుకు తగిలించాల్సిందే. పదకొండేళ్లుగా ఆ చెయ్యి తల చెప్పకుండానే ఆ పని చేస్తోంది.

అదంతా చెప్పింది, రోజూ తెర మీదికొచ్చే ఇంగ్లీషు వాక్యంతో సహా. పిన్ని పెద్ద నిట్టూర్పు విడిచింది.

"పొద్దున్నే వచ్చే ఇంగ్లీషు వాక్యం అన్నావే, ఎఫ్ వన్ నొక్కి పంపించేస్తానని. ఎన్నాళ్ల నుంచి?"

"ఏమో, ఆర్నెల్లయి ఉంటుంది."

"అందులో ఏముందో ఒక్కసారైనా చదివావా?"

"చదవలేదు."

"ఓసి పిచ్చిమొద్దూ! ఆర్నెల్లుగా అది లబోదిబోమని మొత్తుకుంటోందే, నా బ్యాటరీ అయిపోయింది, నాకేమీ గుర్తుండటం లేదు అని! లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది చచ్చాక ప్లగ్గు పీకితే చాలు, దానికి మతిమరుపు. నువ్వు మార్చిందీ గుర్తుండదు, తేదీ గుర్తుండదు. సీడీని పైకి తెచ్చింది నువ్వే, దాని తల మీద కొట్టి మరిపించిందీ నువ్వే. ఇప్పుడు మళ్లీ చెయ్యి. ఈసారి ప్లగ్గు మీద చెయ్యి పడిందో, నేనొచ్చి ఆ చేతి మీద కొడతా."

వినడానికి ఎంత తేలిక! చేసేసరికి ఆమెకు ముచ్చెమటలు పోశాయి. సేవ్. అవును. తెర నల్లబడింది. మిషను ఆగి, తనంతట తనే బుర్రుమంది. కుడిచెయ్యి ప్లగ్గు వైపు లేచింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఒళ్లో కుక్కుకుంది. వెనక మామగారు కూడా "అమ్మాయ్, ప్లగ్గు..." అని ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయారు.

డ్రైవులో డిస్కు తిరగడం మొదలైంది. మొదట గరగర, తర్వాత సన్నగా ఈలలాంటి మోత. అంతవరకూ ఆ మోత వినపడలేదని ఇప్పుడు తెలిసింది ఆమెకు. నల్లటి తెర మీద చిన్న చుక్కలు, వాటి తర్వాత రంగు, రంగులోంచి ఒక కిటికీ లాంటి పెట్టె. అందులో రెండు మీటలు. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే వాడి చూడండి అని ఒకటి, ఇన్‌స్టాల్ చెయ్యండి అని ఇంకొకటి.

"ఇన్‌స్టాల్ నొక్కు" అన్నారు బావగారు వంగి చూస్తూ. "ఎలాగూ పాత సిస్టమ్ పోయింది. కొత్తది పెట్టేస్తే పనైపోతుంది."

"వద్దు!" పిన్ని కేకకు టీ గ్లాసు అదిరినంత పనైంది. "అది నొక్కితే పాతవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి! ఆ మాట అన్నది ఎవరే?"

కొలతలమ్మ బావగారి ముఖం వైపు చూసింది. తెలియక అన్నారా, తెలిసే అన్నారా? ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. రెండు మీటల మధ్య ఉన్న అర అంగుళం ఆమెకు ఏటి వెడల్పున కనిపించింది. మౌస్ జరిపి మొదటిది నొక్కింది.

ఇల్లు అలకగానే పండుగ కాదంటారు. లేచిన మాట నిజమే గానీ, పాత హార్డ్ డిస్కు కనిపించాలి కదా. పక్కన వరసలో దాని బొమ్మ కోసం వెతికింది. ఉంది. నొక్కితే తెరుచుకుంది. కొలతల ఫోల్డరు. లోపల వందల ఫైళ్లు, ఒక్కోదానికీ మనిషి వరస నంబరు, పక్కన తేదీ. ఆర్నెల్లుగా ఎక్కించిన ప్రతి ఫైలుకూ ఒకటే తేదీ. ఎప్పుడో పదిహేనేళ్ల కిందటి జనవరి ఒకటి. కంప్యూటర్‌కు రోజూ పొద్దున్నే మతిపోయి, రోజూ జనవరి ఒకటిలోనే నిద్ర లేస్తోందన్నమాట. ఈ నెలల్లో ఆమె కొలిచిన కాళ్లన్నీ ఒకే రోజున కొలిచినట్టున్నాయి.

కండక్టరమ్మ నంబరు దగ్గర రెండు ఫైళ్లు కనిపించాయి.

"కొలతలు మారిస్తే పాతదాన్ని పక్కన దాచే ప్రోగ్రామేమో మీది" అంది పిన్ని. "దాచిందాన్ని తెరువు."

తెరిచింది. మొదటి చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టు ముప్ఫై ఒకటి పాయింట్ రెండు.

మూడొందల పన్నెండో నంబరు బస్సు వచ్చి సరిగ్గా ఆమె ముందు ఆగింది. ఏడవడమో నవ్వడమో తెలియని ఒక శబ్దం చేసింది కొలతలమ్మ. మూడు వారాలుగా గుండెల మీద ఉన్న బండ దిగినట్టనిపించింది. తను తప్పు చెయ్యలేదు. చెయ్యలేదు.

బావగారు అంకెలు చూశారు. మళ్లీ చూశారు. నుదురు రుద్దుకుంటే ప్లాస్టర్ పొడి అంటుకుంది. "నన్ను క్షమించమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడానికి ఎంత కష్టపడిందో ఆమెకు వినపడింది. ఆ మరుక్షణమే కోపం వచ్చింది ఆయనకు. "అయితే ఎవడో మార్చాడన్న మాటేగా! ఆ మార్చిన ఫైలు తేదీ చూడు. నాలుగింటికి వాడిని తీసుకెళ్లి కమిటీ ముందు నిలబెడతాను. నా కడుపున పుట్టినవాడైనా సరే, జన్మలో మళ్లీ టేపు పట్టుకోనివ్వను."

తేదీ చూడనక్కర్లేదు, అది కూడా జనవరి ఒకటే కదా అనుకుంటూనే కళ్లు అటు తిప్పింది.

జనవరి ఒకటి కాదు.

ఫోల్డరు నిండా జనవరి ఒకటి. ఈ ఒక్క ఫైలు పక్కన మాత్రం పోయిన నెల పన్నెండో తేదీ, అసలైన సంవత్సరం. మార్చడానికి కూర్చున్న మనిషి ముందుగా కంప్యూటర్ గడియారం సరిచేశాడు. అవసరం లేకపోయినా సరిచేశాడు.

పన్నెండు, గురువారం. ఆ రోజు బావగారూ, ఆమె భర్తా ప్లాస్టిక్ షీట్ల కోసం పొద్దున్నే పొరుగూరు వెళ్లి రాత్రికి గానీ రాలేదు. తను పొద్దున కొలతలు ఎక్కించి, పన్ను పీకించుకోవడానికి మధ్యాహ్నం వెళ్లిపోయింది. వెళ్తూ వెనక్కి చూసింది కూడా. కండక్టరమ్మ ఇంకా బస్సు కోసం బెంచీ మీదే కూర్చుని ఉంది, ఎదురుగా మామగారు మెడలోని టేపు చేతిలోకి తీసుకుని కబుర్లు చెబుతున్నారు.

పదకొండేళ్ల కిందటి గొంతు ఒకటి చెవిలో పలికింది. ఈ కంప్యూటర్ కొత్తగా కొన్నప్పుడు, కళ్లు మసకబారకముందు, మామగారే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మొదటి పాఠం. ముందు గడియారం సరిచెయ్యి, తర్వాత కొలత ఎక్కించు. రెండో నెలకే ఆమె బద్ధకించి మానేసింది. ఆయన మానలేదు.

గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది, నిమిషం తేడా లేకుండా.

"ఏముందమ్మా? తేదీ ఎంత?" బావగారు కళ్లద్దాల కోసం జేబులు తడుముకుంటున్నారు. అవి అచ్చుల గదిలో మరిచిపోయినట్టున్నారు. "చదువు, నాకు ఆనడం లేదు."

చదివితే తను నిలబడుతుంది. తనకు పని నేర్పిన చెయ్యి పడిపోతుంది.

అప్పుడు వెనక నుంచి మామగారు దగ్గరికి వచ్చారు. ఆమె భుజం మీదుగా వంగి తెరలోకి తొంగి చూశారు. మెడలోని గుడ్డ టేపు జారి కీబోర్డు మీద పడింది. సాగిపోయిన టేపు ఏ కాలినైనా తక్కువే చూపిస్తుందని ఆమెకు అప్పుడే తట్టింది. ఆయన చూపు ఫైళ్ల మీద నిలవలేదు. పైమూలన ఉన్న చిన్న గడియారం మీద నిలిచింది. ముఖం చిట్లించారు.

"ఇదేమిటమ్మాయ్, ఇవాళ కూడా జనవరి ఒకటి అంటోంది?" అంటూ మూడు వేళ్ల చెయ్యి మౌస్ మీదికి చాచారు. "జరుగు. ఆ రోజు సరిచేశాను, మళ్లీ చెడిపోయినట్టుంది."